రెండు తగిలిస్తే కుదిరే జబ్బు

ధ్యాస నిలవని, కుదురుండని ఏడీహెచ్‌డీ అనే జబ్బుకు చికిత్స కనిపెట్టినందుకు మన తిరుపతి, చిత్తూరు జనానికి ఇంతవరకూ ఎవరూ బహుమతి ఇవ్వలేదు. ఇవ్వాల్సింది. ఇంత చవకైన వైద్యం ఇంకెక్కడా దొరకదు. పిల్లోడు కుదురుగా కూర్చోకపోతే రెండు తగిలించు. లొంగకపోతే హాస్టల్లో వెయ్యి. అక్కడ వార్డెను కూడా చేతులెత్తేస్తే జాతకం చూపించి శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించు. దానికీ కదలకపోతే కాణిపాకం తీసుకుపోయి, వినాయకుడి ముందర "ఇంకమీద బుద్ధిగా చదువుకుంటా" అని ప్రమాణం చేయించు. ప్రమాణం తప్పితే ఆ స్వామి ఊరుకోడు గదా, ఆ భయానికి మెదడులో డోపమైన్ తనంతట తనే సర్దుకుంటుంది. దేవుళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈ కేసులు తమకు బదిలీ చేయమని వాళ్లెప్పుడూ అడగలేదు.

ఈ వైద్యానికి మూలసూత్రం ఒకటుంది: "మా కాలంలో ఇట్లాంటి రోగాలు యాడున్నాయప్పా? అంతా ఈ ఫోన్లొచ్చినాకనే." కాలం సంగతే చూద్దాం. తెలివికి లోటు లేకపోయినా ఒకచోట నిలవలేని, తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు లండన్లో ఉపన్యాసాలిచ్చింది 1902లో. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, ఉత్తర ఆర్కాటు ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది. తిరుపతి జిల్లా అయితే మొన్న 2022లో. రోగం కంటే మన జిల్లాలే కొత్తవి.

సరే, కరోనా వచ్చింది. 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. మిగతా గుళ్లూ మూతపడ్డాయి. హాస్టళ్లు ఖాళీ చేయించి పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. అంటే మన చికిత్సల్లో ఖరీదైనవన్నీ ఒక్కసారే బందయిపోయి, మొదటిది మాత్రం మిగిలింది. అది పగలూ రాత్రీ ఇంట్లోనే దొరికేది.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక రెండు గదుల ఇల్లు ఊహించుకోండి. పిల్లోడు పదో తరగతి. సప్తగిరి చానల్లో విద్యామృతం పాఠాలు పెట్టి ఎదురుగా కూర్చోబెట్టారు. టీవీలో మాస్టారు త్రిభుజం గీస్తున్నాడు. వీడు టీవీ పైన గోడమీది బల్లికీ పురుగుకీ మధ్య దూరం లెక్కేస్తున్నాడు. అదీ రేఖాగణితమే గానీ పరీక్షలో అడగరు. నాయన బెంగళూరు కంపెనీ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుని మంచం మీద మఠం వేసుకున్నాడు. పదకొండు గంటల మీటింగు పదకొండుంబావుకు గుర్తొచ్చింది. ఆఫీసులో అయితే పక్క సీటువాడు భుజం తట్టి లేపుకుపోయేవాడు, ఇక్కడ తట్టే చెయ్యి లేదు. పగలంతా మొదలుపెట్టలేని పనిని రాత్రి పదికి పట్టుకుని తెల్లవారుజాము మూడు దాకా తల తిప్పకుండా ముగించాడు. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, ఆరేసిన బట్టలు తెద్దామని మిద్దెక్కి, అక్కడ ఎండు మిరపకాయలు కనిపిస్తే అవి తిరగేసి, పక్క మిద్దె మీది ఆమెతో నాలుగు మాటలాడి దిగొచ్చేసరికి గిన్నె మాడి నల్లబడింది. "దీనికి సంసారం మీద ధ్యాసే లేదు" అని అవ్వ తీర్పు.

ముగ్గురిదీ ఒకటే ఇబ్బంది. కానీ పిల్లోడిది పొగరు, అమ్మది సోమరితనం, నాయనది పని ఒత్తిడి. ఈ లక్షణానికి వారసత్వం బలంగా ఉంటుందని కవలల మీద చేసిన పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అది తెలియని నాయన, ఫ్రిజ్‌లో పెట్టి మరిచిన బండి తాళాల కోసం ఇల్లంతా వెతుకుతూ, "నీకు శ్రద్ధ లేదురా" అని పిల్లోడి వీపు సాపు చేస్తుంటాడు.

పిల్లోడు పాసయ్యాడు. ఆ ఏడాది రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. అవ్వ లెక్కలో మాత్రం అది తను కట్టిన తాయత్తు మహిమ.

కరోనా రెండో విడత ఇంకా గట్టిది. 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 కొడితే కర్ఫ్యూ. టైము ఎట్లా జారిపోతుందో తెలియని మనిషి సరుకుల సంచితో పన్నెండుంబావుకు వీధి మొదట్లో దొరికిపోయాడు. మన మొదటి చికిత్సే, ఈసారి ప్రభుత్వ ఖర్చుతో. ఇంట్లో అవ్వకు పాజిటివ్. మూడు పూటలా ఆక్సిజన్ చూసి రాయమన్నారు. మొదటి రోజు మూడు అంకెలూ ఉన్నాయి, రెండో రోజు ఒకటే, మూడో రోజు గ్యాస్ పుస్తకం వెనక 93 అని ఉంది. అది ఆక్సిజనో, పాల బాకీయో అమ్మకే తెలియదు. ఆ అంకె పడిపోతే మాత్రం శ్రద్ధ లేక పడిందని ఇంట్లో ఎవరూ అనలేదు. దగ్గు ఆపవే అని అవ్వకు ఎవరూ రెండు తగిలించలేదు.

ఆ రోజుల్లోనే ఊరందరికీ ధ్యాస నిలవడం మానేసింది. పుస్తకం పట్టుకుంటే పేజీ కదలదు, చేసిన పని చేశామో లేదో గుర్తుండదు. టీవీల్లో చర్చలు పెట్టి పాపం అన్నారు. పుట్టినప్పటి నుంచీ అట్లాగే బతుకుతున్న వాళ్లకు మాత్రం అయిదు సూత్రాలు చెప్పారు. అయిదింటికి లేవాలట, మరిచిపోకుండా జాబితా రాసుకోవాలట. మరిచిపోకుండా రాసుకోగలిగితే ఇంక ఈ సూత్రాలెందుకు స్వామీ?

డాక్టరు దగ్గరికి పోవాలనుకున్న కొద్దిమంది గతి ఇంకో కథ. చిత్తూరు వాళ్లకు పెద్ద రోగమంటే తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రి. 2020 ఏప్రిల్ చివర్లో వేలూరు జిల్లా అధికారులు గుడియాత్తం వైపు, పొన్నై వైపు చిత్తూరు రోడ్లకు అడ్డంగా ఏకంగా గోడలు కట్టించారు. గొడవయ్యాక పడగొట్టారనుకోండి. పోనీ ఫోన్లో చూపించుకుందామా? లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం ఫోన్ వైద్యానికి నిబంధనలు ఇచ్చింది. మంచి పనే. అయితే షెడ్యూల్ ఎక్స్ అనే కట్టడి జాబితాలోని మందులు ఫోన్లో రాయకూడదు. ఈ జబ్బుకు ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ సరిగ్గా ఆ జాబితాలోనే ఉంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి మందుల అంగడిలో రెండేళ్లు దాచాలి, ఆ అంగడికి విడిగా లైసెన్సు ఉండాలి. దుర్వినియోగం కాకూడదని పెట్టిన నిబంధన, కారణం లేదనను. కానీ మే 4న మద్యం అంగళ్లు తెరిచి, రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచి, క్యూ కట్టించినప్పుడు ఏ చీటీ అడిగారు? మరుసటేడు కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటు మందుకు వేలమంది నిలబడ్డప్పుడు, దీని సైడ్ ఎఫెక్టులేమిటని ఆ క్యూలో ఎవరడిగారు? 1944లో తయారై, దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన మాత్ర దగ్గరకొచ్చేసరికి అందరం శాస్త్రవేత్తలమే: "అమ్మో, మత్తు మందంట. పిల్లోడు బానిసైపోతాడు."

ఆఫీసులో కాస్త వెసులుబాటు అడుగుదామంటే కాగితమూ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల పేర్లు చెప్పింది. ఆటిజం ఉంది, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులున్నాయి. ఏడీహెచ్‌డీ లేదు.

కర్ఫ్యూ పోయింది, గోడ లేదు, బస్సులు తిరుగుతున్నాయి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మాత్ర అవసరమా కాదా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. కొందరికి ఆకలి తగ్గుతుంది, నిద్ర పట్టదు, కొందరికి మాత్రతో పాటు తల్లిదండ్రులకు నేర్పాల్సినవీ ఉంటాయి. తీసుకుపోండి. అయ్యా నాయనగారూ, కౌంటరు దగ్గర పిల్లోడి పేరుతో ఓపీ చీటీ తీసుకునేటప్పుడు, మీ పేరున కూడా ఒకటి తీసుకోండి.