కిమ్మనకుండా కూడబెట్టిన బోనస్

మా రోజుల్లో కారుకి సొట్ట పడితే ముందు అటూ ఇటూ చూసేవాళ్ళం, ఎవరైనా చూశారేమోనని. చీకటిపడ్డాక టింకరింగ్ షెడ్డుకి తోలుకెళ్ళి, బేరమాడి పని చేయించుకుని, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కాఫీ తాగేవాళ్ళం. ఇంట్లోవాళ్ళకి కూడా తెలియనిచ్చేవాళ్ళం కాదు. ఇప్పటి పిల్లలకి సొట్ట పడిందంటే చెయ్యి జేబులోకి పోతుంది, డబ్బు కోసం కాదు, ఫోను కోసం. ఫొటో, వీడియో, క్లెయిమ్ నంబరు. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు అన్నీ అయిపోతాయి.

మా మనవడు కారు కొని పది నెలలైంది. లైసెన్సు చేతికొచ్చి ఏడాదిన్నర. మొన్న ఆదివారం కర్నూలులో మా ఇంటికొచ్చి, వెళ్ళేటప్పుడు బండి వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి ఆనించాడు. స్తంభం సిమెంటు పెళ్ళ ఊడింది, వెనక బంపర్ చీలింది.

"ఏం కాలేదులే తాతా, క్లెయిమ్ పెట్టేస్తా" అన్నాడు తాపీగా.

నాకు ఒళ్ళు మండింది. "ఇంకో రెండు నెలలు ఓపిక పడితే 20 శాతం బోనస్ వచ్చేది కదరా!"

"ఏం బోనస్?"

చూశారా! పాలసీ కొన్నాడు, చదవలేదు. మా రోజుల్లో చదవక్కర్లేకపోయేది, చెప్పేవాడుండేవాడు. 1973 నుంచి దేశంలో జనరల్ ఇన్సూరెన్సంటే నాలుగు సర్కారు కంపెనీలే: నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. టారిఫ్ ఒకటే కాబట్టి ఎక్కడ కట్టినా ఒకటే రేటు. ఏజెంటుగారు స్కూటరు మీద ఇంటికొచ్చి, కార్బన్ పెట్టి కవర్ నోటు రాసిచ్చేవారు. క్లెయిమ్ పెడదామంటే ఆయనే అడ్డం పడేవారు: "వద్దు సార్, రెండొందల పనికి బోనస్ పోగొట్టుకోకండి." ఇప్పుడు బోలెడు కంపెనీలు, 2007 నుంచి బండి డ్యామేజీ రేట్లు ఎవరిష్టం వాళ్ళవి. వద్దు సార్ అనే మనిషి మాత్రం ఫోనులో ఎక్కడా కనపడడు.

సరే, నేనే చెప్పాను. ప్రీమియంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. అది చట్టం ప్రకారం కట్టి తీరాల్సిందే, దాని రేటు సర్కారుది, అందులో బోనస్ లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి అది మూడేళ్ళకీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి తగిలే దెబ్బలకి. బోనస్ దీనికే. ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే 20 శాతం తగ్గింపు. అలా వరసగా రెండేళ్ళకు 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, ఐదేళ్ళకు 50. ఇక ఆపైన లేదు. మధ్యలో ఒక్క క్లెయిమ్ పెట్టామా, వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టే, మళ్ళీ సున్నా. పాలసీ గడువు దాటి 90 రోజుల్లో రెన్యూవల్ చేయకపోయినా అంతే సంగతి.

"నీకెంతుంది తాతా?"

"50" అన్నాను మీసం సవరించుకుంటూ. "ఒకప్పుడు 65 ఉండేది."

అబద్ధం కాదు. పాత టారిఫ్‌లో 65 దాకా ఉండేది. 2002 జూలైలో కొత్త టారిఫ్ వచ్చి 50 దగ్గర ఆపేసింది. అప్పటికే పై మెట్ల మీదున్న మాలాంటివాళ్ళని మాత్రం, క్లెయిమ్ పెట్టేదాకా అక్కడే ఉండనిచ్చింది. నా ఎర్ర మారుతీ 800కి ఆ 65ని కంటికి రెప్పలా కాపాడుకున్నాను. తర్వాత 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. నీళ్ళు దిగాక చూస్తే బండి సీట్ల మీద జానెడు ఒండ్రు. క్లెయిమ్ పెట్టక ఏం చేస్తాను? 65 కాస్తా సున్నా అయింది. ఆ రోజు నేను తాళంచెవి కూడా ముట్టుకోలేదు మహాప్రభో! తప్పు నాదా, నదిదా అని అడిగేవాడు లేడు. 2010లో ఇంకో బండి కొని, మొదటి మెట్టు నుంచి మొదలెట్టి 2015 నాటికి 50కి ఎక్కాను.

మనవడికి బుద్ధి రావాలని క్యాలెండరు కాగితం చించి, వెనకవైపు లెక్క వేశాను. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 12,000 అనుకుందాం. నాలాంటి 50 శాతంవాడు ఒక్క క్లెయిమ్ పెడితే మళ్ళీ పైకెక్కేలోపు ఐదేళ్ళలో పోయేది: 6,000, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000. ఇక వాడి లెక్క. ఇప్పుడు క్లెయిమ్ పెడితే ప్రతి మెట్టూ ఏడాది ఆలస్యం. 2,400, 600, 1,200, 1,200, 600. మొత్తం 6,000.

కూడాక నాకే రుచించలేదు. పోగొట్టుకోవడానికి వాడి దగ్గర పెద్దగా ఏమీ లేదు. జాగ్రత్తగా ఉండాల్సింది నేనే.

"బంపర్‌కి 6,000, బిగించడానికి 1,500 అంటున్నారు తాతా. తప్పనిసరిగా మనం భరించే 1,000 పోను కంపెనీ 6,500 ఇస్తుంది. నాకే 500 లాభం."

"ప్లాస్టిక్‌కి తరుగుదల సగం కోస్తార్రా!"

"నాది జీరో డెప్ పాలసీ. కొయ్యరు."

"ఆ జీరో డెప్‌కి వేరే డబ్బు కట్టలేదూ? దానికీ ఏడాదికి ఇన్ని క్లెయిములని హద్దుంటుంది. రేపు నిజంగా పెద్ద దెబ్బ తగిలితే?" అన్నాను. దానికి మాత్రం జవాబు రాలేదు.

అయినా వీళ్ళ అదృష్టం వీళ్ళకి తెలీదు. ఇక్కడ కంపెనీ చూసేది ఎక్కువగా బండిని. దాని ఇంజను ఎంత, విలువ ఎంత, వయసెంత అని. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న నాకూ, నిన్న కాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న వీడికీ ఒకే బండికి దాదాపు ఒకే లెక్క. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ మా మేనకోడలి కూతురు లైసెన్సు తెచ్చుకుంటే వయసు, అనుభవం, ఉండే వీధి పిన్‌కోడు అన్నీ అడిగి, బండి ఖరీదుతో పోటీపడే ప్రీమియం చెప్పారట. తగ్గాలంటే బండిలో బ్లాక్ బాక్స్ పెట్టించుకోవాలి. ఎంత వేగంగా పోయింది, ఎంత గట్టిగా బ్రేకు తొక్కింది, అన్నీ అది కంపెనీకి చేరవేస్తుంది. పోనీ బండి తానే నడుపుతున్నానని తండ్రి రాసిద్దామంటే, అది అక్కడ మోసం కింద లెక్క.

వీడి ముఖం చూసి జాలేసి, నా 50 వీడికి రాసిద్దామని తెలిసినాయనకి ఫోన్ చేశాను. బోనస్ బండిది కాదట, మనిషిది. నా బండి అమ్మేసి, నా పేరున కొత్తది కొంటే దానికి నా 50 వస్తుంది. మూడేళ్ళలోపు వాడుకోవచ్చు. అలా కాక వారసత్వంగా ఇవ్వాలంటే నేను పోయాక, నా బండి ఎవరి చేతికొస్తే వాళ్ళకి. అదైనా భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో. రూలులో మనవల ఊసే లేదు. అంటే బండైనా పోవాలి, నేనైనా పోవాలి. నేను పోయినా వీడికి రాదు.

"అసలు నువ్వు బండి ఎన్ని కిలోమీటర్లు తోలతావు తాతా? రైతుబజారుకీ గుడికీ. మిగతా రోజుల్లో కవరు కప్పుకుని పడుకునే బండికి బోనస్ రాక ఏమొస్తుంది?"

సమాధానం చెప్పబోయేలోపు వాడు స్తంభం దగ్గర వంగాడు. ఊడిన పెళ్ళని చేతిలోకి తీసుకున్నాడు. దాని వెనక, ఇటుక మీద, మోకాలెత్తున జానెడు ఎర్ర గీత.

"నా బండి తెల్లది తాతా."

నేను గొంతు సవరించుకున్నాను. ఇరవై ఏడేళ్ళ కిందట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నా చేత్తో నేనే సిమెంటు కలిపి పూసిన చోటది.

వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఇంటావిడ తలెత్తలేదు. "సిమెంటు తట్ట కడిగింది నేనే కదా, నాకు తెలీకేం" అంది. "చెప్తే మీ తాత బోనస్ ఎక్కడ పోతుందోనని ఊరుకున్నా."