టెన్షన్ పడకమ్మా, అదే నిలుస్తుంది

తెలుగునాట సంతాన వైద్యం చేయడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. పెళ్లయి, ఒక్క బిడ్డను కన్న అనుభవం ఉంటే చాలు. ఆ బిడ్డ అనుకోకుండా పుట్టినా ఫర్వాలేదు. ఈ వైద్యులు ఫంక్షన్ హాళ్లలో, గృహప్రవేశాల్లో, రైలు పెట్టెల్లో, చివరికి చావు పరామర్శకు వెళ్లిన ఇళ్లలోనూ ప్రాక్టీసు పెడతారు. పేషెంటు అపాయింట్‌మెంట్ అడగదు, వాళ్లే ఇస్తారు. కేసు షీటులో ఒకటే ప్రశ్న: "ఏమ్మా, ఏమైనా విశేషమా?" లేదని తేలగానే మందు చీటీ కూడా ఒకటే: "టెన్షన్ పడకమ్మా, అదే నిలుస్తుంది."

ఈ మందుకు ఖర్చు లేదు, ఎక్స్‌పైరీ డేటు లేదు, ఇచ్చినవాళ్లకు ఏ దుష్ఫలితమూ లేదు. అందుకే పిన్ని ఇస్తుంది, బాబాయి ఇస్తాడు, ఆఫీసులో పక్క సీటు మేడమ్ ఇస్తుంది, డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో తోటికోడలు ఇస్తుంది. ఇంతమంది చెప్పాక ఆ అమ్మాయికి కొత్త బెంగ ఒకటి పట్టుకుంటుంది: తాను సరిపడా రిలాక్స్ అవుతోందా, లేదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 17.5 శాతం మంది, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. ఏ గర్భనిరోధకమూ వాడకుండా 12 నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతేనే డాక్టర్లు దాన్ని సమస్య అంటారు. మన బంధువుల లెక్కలో అంత ఓపిక లేదు. ఆషాఢానికి పుట్టింటికి వెళ్లిన కొత్త కోడలు శ్రావణంలో తిరిగొచ్చిందంటే గడియారం మొదలైనట్టే. దసరాకల్లా ఆరా, సంక్రాంతికల్లా జాతకంలో నాగదోషం.

సరే, రిలాక్స్ అవ్వమంటున్నారు కదా, ఎప్పుడు అవ్వాలో చూద్దాం. ఐవీఎఫ్‌లో నెలసరి రెండో రోజునే స్కాన్‌తో పని మొదలవుతుంది. పది పన్నెండు రోజులు, రోజూ ఒకే వేళకు పొట్ట మీద ఇంజెక్షన్. మధ్యమధ్య రక్తపరీక్షలు, అండం ఎదిగే ఫాలికిల్ ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో చూసే స్కాన్లు. తర్వాత ట్రిగ్గర్ ఇంజెక్షన్. అది వేసిన సుమారు 36 గంటలకు అండాలు బయటికి తీస్తారు కాబట్టి, రాత్రి పదిన్నరకు వేసుకోమంటే పదిన్నరకే వేసుకోవాలి. పెళ్లి రిసెప్షన్‌లో ఉన్నా సరే, బాత్రూంలోకి వెళ్లి వేసుకోవాలి. ఆపైన లెక్కలు. ఎన్ని అండాలు వచ్చాయి, వాటిలో ఎన్ని పక్వమైనవి, ఎన్ని ఫలదీకరణం చెందాయి, ఐదో రోజుకు ఎన్ని మిగిలాయి? ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ అంకె తగ్గుతూనే ఉంటుంది. పిండాన్ని గర్భసంచిలో పెట్టే ట్రాన్స్‌ఫర్ అయ్యాక చాలామందికి తుంటిలో నూనెతో చేసిన ప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్లు, గడ్డలు కట్టి కూర్చోనివ్వని నొప్పి, గర్భం నిలిచిందో లేదో చెప్పే 'బీటా' రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూపు. ఈ టైంటేబుల్లో 'రిలాక్స్' అనే పీరియడ్ ఎక్కడ వేయాలో ఏ పిన్నీ చెప్పదు.

చెప్పకపోతే పోనీ, ఆ మాటలో నిజమెంతో కొందరు కూర్చుని తేల్చారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జాకీ బోయివిన్, ఆమె సహ పరిశోధకులు 14 అధ్యయనాలను, 3,583 మంది మహిళల వివరాలను కలిపి చూశారు. చికిత్సకు ముందు ఆందోళన, దిగులు ఎక్కువున్నవారికీ తక్కువున్నవారికీ ఆ సైకిల్‌లో గర్భం వచ్చే అవకాశంలో తేడా కనపడలేదు. ఏడ్చినవాళ్లకూ నిలిచింది, నవ్వినవాళ్లకూ పోయింది. దీని అర్థం దిగులుతో ఏమీ కాదని కాదు. మనసు అలిసిపోయి చికిత్స మధ్యలోనే మానేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ దిగులు తగ్గించాల్సింది ఆమె కోసం. గర్భసంచిలోని పిండం మీద దయతలచి కాదు.

మరి ఈ సిద్ధాంతం ఎక్కడిది? ఫ్రాయిడ్ శిష్యురాలు హెలెన్ డాయిచ్ వియన్నా నుంచి అమెరికా చేరి, 1944-45లో స్త్రీల మనస్తత్వంపై రెండు సంపుటాలు అచ్చువేసింది. కారణం దొరకని సంతానలేమికి స్త్రీ మనసులోని భయాలూ సంఘర్షణలూ మూలమని నమ్మిన తరం అది. అప్పట్లో లాప్రోస్కోపీ వాడుకలో లేదు, హార్మోన్ పరీక్షలు అంతంతమాత్రం. కడుపులో ఏముందో కనపడకపోతే మెదడులో వెతికారు. పరీక్షలు మెరుగుపడేకొద్దీ ఎండోమెట్రియోసిస్, మూసుకుపోయిన ట్యూబులు, వీర్యకణాల లోపాలు బయటపడి, 'మనసు వల్ల' అన్న ఖాతా చిక్కిపోయింది. వియన్నాలోనే పాతబడిన ఆ మాట అమలాపురంలో ఇంకా చెలామణీ అవుతోంది. ఫ్రాయిడ్ పేరు చెబితే చెవులు మూసుకునే పెద్దమనిషి కూడా ఈ ఒక్క విషయంలో ఆయన సంప్రదాయమే.

సిద్ధాంతానికి సాక్ష్యం కావాలి కదా. అడిగితే వెంటనే ఒక ఆడపడుచుగారి తోటికోడలి చెల్లెలు ప్రత్యక్షమవుతుంది. పదేళ్లు పిల్లల్లేరు, విసిగిపోయి దత్తత తీసుకుంది, తీసుకున్న మరుసటేడే నెల తప్పింది! ఈ చెల్లెలు తెలుగు మాట్లాడే ప్రతి జిల్లాలోనూ ఉంది. ఆమె నిజమే కావచ్చు. కారణం తెలియని సంతానలేమి ఉన్నవాళ్లలో కొందరికి ఏ చికిత్సా లేకుండానే ఆలస్యంగా గర్భం వస్తుంది, దత్తత తీసుకున్నా, తీసుకోకపోయినా. అమెరికాలో పరిశోధకులు 1970ల్లోనే ఈ రెండు గుంపులనూ పోల్చి చూశారు, తేడా కనపడలేదు. దత్తత తర్వాత మరో బిడ్డ పుట్టని వేలాది ఇళ్ల గురించి ఎవరూ కథ చెప్పరు, అందులో చెప్పడానికేమీ లేదు కాబట్టి. అసలు ఈ సలహా విన్నప్పుడు ఒళ్లు మండాల్సింది ఆ దత్తత బిడ్డ తరఫున. దేశంలో దత్తత వ్యవహారాలు చూసే కారా దగ్గర పేర్లు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి వేచి ఉన్న దంపతులున్నారు. ఇక్కడేమో ఒక పసిదాన్ని రాబోయే 'సొంత' బిడ్డకు ఎరగా తెచ్చుకోమంటున్నారు.

ఇంకొందరికి ఉదాహరణ గుంటూరులో దొరికింది. 2019 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన 70 దాటిన మహిళ అక్కడ ఐవీఎఫ్ ద్వారా కవల ఆడపిల్లలను కన్నారు. దేశమంతా వార్తయింది. "ఆవిడకే పుట్టారు, నీకేం తక్కువ?" అన్నది అప్పటినుంచీ సామెతలా మారింది. దాత ఇచ్చిన అండంతో అది సాధ్యమైందన్న సంగతి ఆ సామెతలో ఉండదు. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం 50 ఏళ్లు దాటిన స్త్రీకి, 55 దాటిన పురుషుడికి ఈ సేవలు ఇవ్వకూడదని గీత గీసిన సంగతీ ఉండదు.

ఇక పథ్యం. ఇక్కడ మన అమ్మాయికి అనాస పండు నిషేధం. ముక్క తింటే పోతుందని అత్తగారు ఫ్రిజ్‌కు కాపలా కాస్తుంది. అమెరికాలో ఐవీఎఫ్ చేయించుకునేవాళ్లు కొందరు ట్రాన్స్‌ఫర్ రోజున అదే అనాస నడిబొడ్డును ముక్కలు కోసుకుని పనిగట్టుకుని తింటారు, పిండం అతుక్కుంటుందని. ట్రాన్స్‌ఫర్ అయి ఇంటికి వెళ్లే దారిలోనే మెక్‌డొనాల్డ్స్‌లో ఆగి ఫ్రెంచ్ ఫ్రైస్ తినడం అక్కడి మరో ఆచారం. రెండింటికీ రుజువు సమానంగా సున్నా. డల్లాస్‌లో ఉన్న తెలుగు కోడలు పాపం, అమ్మ మాట వినాలో, అమెరికా స్నేహితురాలి మాట వినాలో తెలియక పండును తెచ్చి గట్టు మీద పెట్టుకుని చూస్తుంది. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగకూడదన్న నియమం మాత్రం రెండు దేశాల్లోనూ ఏలింది. కదలకుండా పడుకోవడం వల్ల లాభం లేదని అధ్యయనాలు చెప్పి చాలా కాలమైంది.

ఈ గృహవైద్యులను ఆసుపత్రుల వ్యాపారం ముందు పెడితే అమాయకుల్లా కనిపిస్తారు. ఏ ఊరి హైవే ఎక్కినా తెల్లటి దుప్పట్లో నవ్వే పాప హోర్డింగు, కింద 'సక్సెస్ రేటు'. దేన్ని సక్సెస్ అంటారు? బీటా పాజిటివ్ వస్తే ఒక లెక్క, స్కాన్‌లో గుండె కొట్టుకుంటే ఇంకో లెక్క, బిడ్డ ఇంటికొస్తే మూడో లెక్క. దేనితో భాగించారు? చికిత్స మొదలుపెట్టినవాళ్లతోనా, ట్రాన్స్‌ఫర్ దాకా చేరినవాళ్లతోనా? మొదటి లెక్కను చివరి సంఖ్యతో భాగిస్తే ఎవరైనా డిస్టింక్షన్‌లో పాసవుతారు. బ్రిటన్‌లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ ప్రచురించిన 2022 లెక్కల్లో, గర్భంలో ఉంచిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టిన సగటు 18–34 ఏళ్లవారిలో 35 శాతం, 43–44 ఏళ్లవారిలో 5 శాతం. అలాంటి అంకె హోర్డింగు మీద వేస్తే పాప నవ్వు ఆగిపోతుంది. అందుకే విఫలమైనప్పుడు ఆసుపత్రి కూడా పిన్ని మాటే అరువు తెచ్చుకుంటుంది: "ఈసారి స్ట్రెస్ లేకుండా చూసుకోండి." ఒక సైకిల్‌కు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు కట్టించుకుని, ఓడిపోయిన నేరం పేషెంటు మనసు మీదికి తోసేయడం ఎంత సుఖం! విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాలు అన్నీ వివరిస్తూ వృత్తిపరమైన కౌన్సెలింగ్ ఇవ్వాలని ఆ 2021 చట్టమే చెబుతోంది. చాలాచోట్ల ఆ పేరుతో ఉన్న గదిలో కనపడేది ఈఎంఐ చార్టు.

టెన్షన్ పడటం వల్ల మేలు జరిగిన సందర్భం కూడా ఒకటుంది. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం నడిపే డాక్టరును పోలీసులు అరెస్టు చేశారు. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని చెప్పి, సుమారు 35 లక్షలు తీసుకుని, పేద దంపతుల దగ్గర కొన్న శిశువును ఒక జంట చేతిలో పెట్టారన్నది అభియోగం. ఆ జంట అనుమానపడి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటేనే గుట్టు బయటపడింది. రిలాక్స్ అయి ఉంటే?

ప్రభుత్వాలూ సలహాల వరుసలో నిలబడ్డాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి రేటు 1.7కు, తెలంగాణది 1.8కి చేరింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమందిని కనమన్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను నవంబరులో శాసనసభ ఎత్తేసింది. మూడో బిడ్డ ఉన్నవారు సర్పంచి కావచ్చు, సంతోషం. మొదటి బిడ్డ కోసం పుస్తెల తాడు తాకట్టు పెట్టినవారి సంగతేమిటి? చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఈ చికిత్సను మినహాయింపుల జాబితాలోనే ఉంచాయి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ఉచిత ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. ఇంత పెద్ద రాష్ట్రానికి అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

అవసరం ఎంతమందిదో తెలియాలంటే 2024 ఏప్రిల్‌ను తలచుకుంటే చాలు. చిలుకూరు బాలాజీ ఆలయంలో సంతానం లేనివారికి గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తితే, హైదరాబాద్ శివార్లలో ట్రాఫిక్ కిలోమీటర్ల మేర ఆగిపోయింది. ఇంట్లో 'నీకొక్కదానికే ఎందుకిలా' అనిపించుకున్నవాళ్లందరూ ఆ రోజు ఒకరి బంపరుకు ఒకరు ఆనుకుని నిలబడ్డారు.

నెల్లూరులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగ ఇంకా మర్యాదైనది. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె వేర్వేరు. ఆ రొట్టెలో మందేమీ లేదు. అయితే ఇచ్చే మనిషి ఆ దారి నడిచి వచ్చింది, లోపం ఎవరిదని అడగదు, ఇచ్చి వెళ్లిపోతుంది. ఫెర్టిలిటీ సెంటర్ల వరండాల్లోనూ ఇదే జరుగుతుంది. ఖమ్మం నుంచి వచ్చినామె కర్నూలు నుంచి వచ్చినామెకు చెబుతుంది: నూనె ఇంజెక్షన్‌ను ముందు అరచేతుల మధ్య వెచ్చబెట్టుకో, వేశాక వేడి కాపడం పెట్టుకో, ఫలానా నర్సు చెయ్యి తేలిక, దగ్గర్లో లాడ్జి ఇది. ఆ వరండాలో 'టెన్షన్ పడకు' అన్న మాట వినిపించదు.

వినిపించనిది ఇంకొకటుంది, మగవాళ్ల గొంతు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు, నొప్పి లేదు, మత్తు లేదు. అయినా అమ్మాయికి ట్యూబుల ఎక్స్‌రే, లాప్రోస్కోపీ, రెండు నాగప్రతిష్ఠలు అయ్యాకే అబ్బాయి వంతు వస్తుంది. "మావాడికేం, జిమ్‌కు వెళ్తాడు" అంటుంది తల్లి. ఆ జిమ్‌లో కండల కోసం వేసుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లే వీర్యకణాల ఉత్పత్తిని ఆపేస్తాయని ఆమెకు ఎవరు చెబుతారు? అతన్ని రిలాక్స్ అవ్వమని ఏ ఫంక్షన్ హాల్లోనూ ఎవరూ అనలేదు. అనాలంటే ముందు అతన్నీ ప్రశ్న అడగాలి. పెళ్లి ఊరేగింపులో అతని చుట్టూ ఎగిరిన స్నేహితులకు ఒక చిన్న పని ఉంది. నమూనా ఇంట్లో తీస్తే, చల్లబడకుండా, గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఉదయం తొమ్మిదింటి ట్రాఫిక్‌లో ఒకరు బండి తీస్తే చాలు. అడిగే ధైర్యం అతనికి లేదు, అడగకుండా వచ్చే ఊహ వాళ్లకు లేదు. చొక్కా లోపలి జేబులో డబ్బా పెట్టుకుని ఒక్కడే ఆటో ఎక్కుతాడు. బాబాయి ఫోన్ చేసి "ఎక్కడున్నావురా?" అంటే, "బ్యాంకు పని మీద" అంటాడు.