గంటలో బెజవాడ!

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాలిదారిన సుమారు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఎగిరే ఏటీఆర్ విమానానికి అరగంట పని. టికెట్టు మీద మాత్రం గంట, గంటా పది నిమిషాలని ఉంటుంది.

ఆ మిగతా అరగంట ఏమైందంటే విమాన సంస్థల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. చక్రాల కింద దిమ్మలు తీసింది మొదలు గమ్యంలో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా అంతా ప్రయాణమే. రన్‌వే దాకా పాకడం, అక్కడ వరసలో నిలబడటం, దిగే వంతు కోసం గాల్లో చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోవే. పైన మరికొన్ని నిమిషాల కొసరు. కిరాణా కొట్టులో కొసరు కొన్నవాడికి దక్కుతుంది, ఇక్కడ అమ్మినవాడికి. ఆలస్యంగా బయల్దేరినా ‘సమయానికే చేరాం’ అని మైకులో చెప్పుకోవడానికి పనికొస్తుంది. అదీ చాలకపోతే, 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని విమానయాన లెక్కలు అసలు ఆలస్యమనే అనవు. బడిగంట మోగాక వచ్చే పిల్లలకు ఈ సంగతి ఇంకా తెలియదు.

టికెట్టుకెక్కని ప్రయాణం వేరే ఉంది. ఎల్బీ నగర్‌లో ఒక పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. ఆయన గుమ్మం ముందునుంచే విజయవాడ హైవే తూర్పుకు పోతుంది. ఆయన మాత్రం పొద్దున ఏడింటికి క్యాబ్ ఎక్కి, పడమటి వైపు శంషాబాద్‌కు బయల్దేరతాడు. విమానం పదింటికి. బ్యాగు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు మరి. అదే ఏడింటికి ఆయన బావమరిది ఇంటి దగ్గరే బస్సెక్కాడు.

తొమ్మిదింబావుకు ఫోన్.

‘‘బావా, సూర్యాపేటలో ఇడ్లీ తింటున్నా. మీరెక్కడిదాకా వచ్చారు?’’

‘‘సెక్యూరిటీలో ఉన్నానయ్యా. నడుం బెల్టు తీయమంటున్నారు.’’

పదకొండు దాటాక విమానం గన్నవరంలో దిగుతుంది. గన్నవరం విజయవాడకు ఇవతల లేదు, అవతల 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే ఊరు దాటి దిగి, లగేజీ కోసం కాసేపు నిలబడి, మళ్లీ హైదరాబాద్ వైపే వెనక్కి రావాలి. బెంజి సర్కిల్ చేరేసరికి పన్నెండు దాటుతుంది. దారిలో మరీ అడ్డంకులు లేకపోతే, అప్పటికి బావమరిది నెహ్రూ బస్టాండులో ఆటో బేరమాడుతుంటాడు.

ఇదంతా మన దగ్గరే అనుకోనక్కర్లేదు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు లోగన్‌ఎయిర్ నడిపే విమానం ఉంది. దూరం 2.7 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంతకన్నా పొట్టి షెడ్యూల్డ్ సర్వీసు లేదు. గాలి కలిసొచ్చిన రోజు 53 సెకన్లలో దిగిన రికార్డుంది. టైంటేబుల్లో మాత్రం 2 నిమిషాలు. ఆ రోజు ప్రయాణం కన్నా కొసరే 14 సెకన్లు ఎక్కువ.