కీ బ్యాటరీ లో: ఒక పంచాక్షరికి టీకా తాత్పర్యం

మూలం:
కీ బ్యాటరీ లో

అవతారిక: ఇది ఏ కావ్యంలోనిదీ కాదు. కారులో స్టీరింగు వెనుక అద్దం మీద రెండు క్షణాలు వెలిగి ఆరిపోయే వాక్యం. కర్త అజ్ఞాతుడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండ పక్కనే, ఎర్రమంచి దగ్గర, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. కోట తలుపు మూయడానికి నలుగురు మనుషులు కావాలి, కారుకు బొత్తాం చాలు. శెనిక్కాయ చేల గట్ల మీద కూడా ఇప్పుడు ఆ బొత్తాం చప్పుడే. కనుక ఈ సీమలో ఈ మంత్రానికి వ్యాఖ్య అవసరమైంది.

నేను దీన్ని నెల రోజులు పారాయణం చేశానే గాని అర్థం విచారించలేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం కళ్యాణదుర్గం రోడ్డు పక్కన కారు ఆపి, చేను చూసుకుని తిరిగొచ్చి బొత్తాం నొక్కాను. కారు పలకలేదు. ఈ టీక అప్పుడు పుట్టింది.

ఛందస్సు: అక్షరాలు ఐదు. గురువు, గురువు, లఘువు, గురువు, గురువు. అంటే త గణం మీద రెండు 'గ'లు. వరసగా చదివితే 'తగగ'. కొంచెం నాలుక మందమైనవాడు 'తగ్గగా' అంటాడు. శక్తి తగ్గిన సంగతి గణాల్లోనే ఉందన్నమాట. నాలుగు గురువుల నడుమ ఒక్కటే లఘువు. అంత బరువు బండిని ఆపేసింది మూడు గ్రాముల బ్యాటరీ బిళ్ల అని సూచన.

వ్యాకరణం: కి, కు, యొక్క, లో, లోపల షష్ఠీ విభక్తి అని బెత్తం కింద వల్లించినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు. బ్యాటరీకి ముందూ షష్ఠే, వెనకా షష్ఠే. పోనీ ముందున్నది బీగంచెవే అనుకుందాం. 'బ్యాటరీలో' అన్నాక, బ్యాటరీలో ఏముంది అని ఆకాంక్ష పుడుతుంది. కవి చెప్పడు. చెప్పకపోవడమే జవాబు, ఏమీ లేదని ధ్వని, అని కొందరు. వీళ్లది పూర్వపక్షం. సిద్ధాంతం చివర చెబుతాను.

ప్రతిపదార్థం: కీ = బీగంచెవి. చెవి అనే మాట ఇన్నాళ్లకు సార్థకమైంది. ఇది నిజంగానే వింటుంది. దగ్గరికి రాగానే కారు 125 కిలోహెర్ట్జుల ప్రాంతంలో 'ఎవరక్కడ' అంటే, చెవి 433 మెగాహెర్ట్జుల దగ్గర 'నేనే' అంటుంది. బ్యాటరీ = ఆ 'నేనే' అనడానికి కావలసిన ఊపిరి, మూడు వోల్టులు. లో = తక్కువ, ఆంగ్లపదం.

బిళ్ల మీది శాసనం: సీఆర్ 2032. 'సీ' అంటే లోపల లిథియం, మాంగనీస్ డయాక్సైడు ఉన్నాయని. 'ఆర్' అంటే గుండ్రన. 20 అంటే అడ్డకొలత ఇరవై మిల్లీమీటర్లు. 32ను ముప్పై రెండు మిల్లీమీటర్లు అనుకోవడం దోషం. ఇక్కడ దశాంశ బిందువును అధ్యాహారం చేసుకోవాలి. మందం 3.2. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో సర్దుకునే జిల్లావాళ్లం, ఈ కొలతలు మాకు వేరే చెప్పనక్కర్లేదు. ఇరవై పడితే పదునైందా లేదా అని గట్టు మీద చర్చ. 3.2 పడితే దుమ్మణుగుతుంది, అంతే.

పాఠాంతరం: '2025' అని కొన్ని అంగళ్లలో. అదీ మూడు వోల్టులదే, అడ్డకొలతా అదే. మందం 2.5. గూటిలో వదులుగా కూర్చుని ఒకసారి పలికి ఒకసారి పలకదు. గ్రాహ్యం కాదు. పాత బిళ్ల మీద ఏ అంకె ఉందో అదే ప్రమాణం.

పూర్వపక్షం: బిళ్ల చస్తే బండీ చచ్చినట్టే గదా?

సమాధానం: కాదు. ఇలాంటి చాలా చెవుల గర్భంలో ఒక చిన్న ఇనుప చెవి దాగి ఉంటుంది. మీట జరిపి లాగితే వస్తుంది. దానితో డ్రైవరు తలుపు తెరవొచ్చు. పిమ్మట బీగంచెవిని స్టార్టు బొత్తాం దగ్గర ఆనించి నొక్కాలి. లోపల ఇంకో చిప్పుంది. దానికి బిళ్లతో పనిలేదు. కారు పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే కాస్త శక్తి తీసుకుని తన గుర్తు చెబుతుంది. పరాన్నంతో బతికినా స్వామిభక్తి గలది. కొన్ని బండ్లలో ఆనించాల్సిన చోటు వేరు. ఇదంతా కారు పుస్తకంలో ఉంది. పుస్తకం కారులో ఉంది. కారుకు బీగం ఉంది. అందువల్ల నేను వేపచెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాను.

ప్రయోగం: మరునాడు టవర్‌క్లాక్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయాను. నేను స్క్రూడ్రైవరు వెతుకుతుంటే, "ఏంటికప్పా అది, గీతలు పడతాయి" అని, ఇనుప చెవి తీసిన సందులో గోరు పెట్టి తిప్పాడు. బుడ్డ ఒలిచినట్టు టప్పున రెండుగా విడింది. పాత బిళ్ల ఏ మొహం పైకి పెట్టుకుని ఉందో ముందు నాకు చూపించాడు. కొత్తదాన్ని అంచుల్తో పట్టుకుని, "మొహం మీద ఏలు పెట్టొద్దు సామీ, చెమటంటుతాది" అంటూ అదే మొహంతో కూర్చోబెట్టి వత్తాడు. పట్టుమని రెండు నిమిషాలు.

నిషేధం: కొల్చారం మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్య పేరు 'సంజీవని'. ఈ బిళ్లకు సంజీవని లేదు. చార్జింగుకు పెట్టరాదు, పెడితే పగిలే ప్రమాదం.

సిద్ధాంతం: 'లో' అంటే 'లేదు' కాదు. బోరు తగ్గడానికీ ఎండడానికీ తేడా ఈ సీమలో పశువులు కాసే పిల్లాడికీ తెలుసు. మోటారు ఆగి ఆగి పోస్తున్నప్పుడే మేలుకుంటాం. బిళ్ల దగ్గర మాత్రం నెల రోజులు నిద్రపోతాం. ఇది మొదటి అర్థం.

రెండో అర్థం దీనికన్నా బరువైనది. కారును లేపలేని బిళ్లలో కూడా ఇంకా శక్తి మిగిలి ఉంటుంది. పసిబిడ్డ మింగితే, అది గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుంటే, అక్కడి తడితో విద్యుత్తు పారి క్షారం పుడుతుంది. అది కండను కాలుస్తుంది. తీవ్రమైన గాయానికి రెండు గంటలు చాలు, నేను వేపచెట్టు కింద కూర్చున్నంత సేపు.

తాత్పర్యం: వెలిగిన రోజే బిళ్ల మార్చండి. పాతదాన్ని టీవీ మీద పడేయకండి. రెండు మొహాలకూ టేపు చుట్టి, పిల్లలకు అందనిచోట పెట్టి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు చెప్పినట్టు చెత్తలో కలపకుండా విడిగా ఇచ్చేయండి. బిడ్డ మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి, కాసేపు చూద్దామనుకోకండి. నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పోండి.