ఆశ్చర్యాభ్యాసము

అవధాన సభయందు ధారణ యొక విద్య, ఆశుకవిత్వము వేరొక విద్య. ధారణ పట్టినదానినే ఆశువుగా నమ్మించుటను మూడవ విద్యగా పెంపొందించిన ఖ్యాతి మాత్రము సాఫ్ట్‌వేర్ కంపెనీల ఇంటర్వ్యూలకే దక్కవలెను.

నాలుగైదు రౌండ్లు, రౌండునకొక పృచ్ఛకుడు, ఒక్కొక్కరికి ముప్పావు గంట. “మాకు జవాబు ముఖ్యము కాదు, మీరు ఆలోచించు తీరు ముఖ్యము” అని ఆయన సెలవిచ్చును. ఆ మాట నమ్మి నిజముగా ఆలోచింప గూర్చున్న అమాయకుడు గడువు తీరినను ఆలోచించుచునే బయటికి వచ్చును. ఎరిగినవాడు ఆ ప్రశ్నను లీట్‌కోడ్ అను అభ్యాసపు వెబ్‌సైటులో మున్నే మూడుమార్లు సాధించి, పరిష్కారమును శతకపద్యమువలె కంఠస్థము చేసికొనియు, ఆ సంగతి పొక్కనీయక, కనుబొమలు ముడిచి, తొలుత రెండు లూపుల మందమార్గమును చెప్పి, అది సాగదని తానే నొచ్చుకొని, పిదప హాష్‌మ్యాప్ ఆ క్షణముననే తనకు స్ఫురించినట్లు పులకించును. పృచ్ఛకునకును ఈ మర్మము తెలియును; ఆయనయు రెండేండ్ల క్రిందట ఇట్లే పులకించి లోనికి వచ్చినవాడే.

ప్రోగ్రాము వ్రాయించి చూడవలదని నేననను. వ్రాయించుట వేరు, వేషము కట్టించుట వేరు.

విమానములో ఎన్ని గోల్ఫ్ బంతులు పట్టునను జాతి చిక్కుప్రశ్నలు శుద్ధ కాలహరణమనియు, అడుగువానికి తాను మేధావినను తృప్తి నిచ్చుటయే వాని ముఖ్యప్రయోజనమనియు 2013లో గూగుల్ ఉద్యోగుల విభాగాధిపతి లాస్లో బాక్ న్యూయార్క్ టైమ్స్‌తో బాహాటముగా ఒప్పుకొనెను. బంతులు పోయినను చెట్లు మిగిలినవి. తాను వ్రాసిన హోమ్‌బ్రూ అను సాఫ్ట్‌వేరును ఆ సంస్థ ఇంజనీర్లే వాడుచుండగా, బోర్డుపై బైనరీ చెట్టును తిరగవేయలేకపోయినందున తనను పొమ్మనిరని మ్యాక్స్ హోవెల్ 2015లో ట్విట్టర్ నెక్కి మండిపడెను. చెట్టును తలక్రిందులుగా చూచుట మా యూరి గబ్బిలములకు పుట్టుకతో వచ్చిన విద్య. వానికి మాత్రము ఇంతవరకు ఆఫర్ లెటర్ రాలేదు.

అమీర్‌పేట హాస్టలులో ఒకే గదిలోనుండు ఇద్దరు కుర్రవాండ్రను నేనెరుగుదును. ఒకే కంపెనీ, ఒకే ప్రశ్న. మొదటివాడు దానిని ముందు వారమే బట్టీపట్టియుండెను గనుక, తగినచోట తడబడి, తగినచోట వెలిగి, ఉద్యోగము సంపాదించి, చేరిననాటినుండి ఒక ఫారములో తేదీ తారుమారగు తప్పును దిద్దుచున్నాడు. రెండవవాడు ఆ ప్రశ్నను జన్మమున చూడలేదు. పది నిమిషములు నోరు మెదపక, కాగితము నిండ గీతలు గీసి, తుదకు సరియైన జవాబే పట్టెను. నాలుగుమార్లు ఫోను చేసిన పిమ్మట హెచ్‌ఆర్ అమ్మాయి, “కమ్యూనికేషన్ సరిపోలేదండీ” అనెను.

ఇప్పుడు రాత్రి భోజనములైన పిదప వాడు అద్దము నెదుట నిలుచును, మిత్రుడు మంచము మీదనుండి దిద్దుచుండును: “తొందరపడకురా. ముందు కాస్త గడ్డం గోక్కో. ఆ తర్వాత ‘ఆఁ’ అను.”