నా లోపలి గాదె

నేనొక ఎస్‌ఎస్‌డీని. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, ఇంతే నా ఒళ్లు. తిరిగే పళ్లెం లేదు, చప్పుడు లేదు. మీద 128 జీబీ అని అచ్చేశారు. తాడేపల్లిగూడెంలో తెలుగు ఎం.ఏ. చదివే ఒకమ్మాయి పాత ల్యాప్‌టాప్‌లో నా కాపురం.

కొన్న రోజే నన్ను తెరిచి చూసి ఆమె చిన్నబుచ్చుకుంది. తెర మీద 119 జీబీ అనే ఉంది. మిగతాది ఎవరూ కాజేయలేదు. నన్ను తయారుచేసినవాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెట్టారు, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టింది. ఒకే రాశిని చిన్న కుంచంతో ఒకసారి, పెద్ద కుంచంతో ఒకసారి కొలిచినట్టన్నమాట.

ఆమె ఊళ్లు తిరిగి, ముసలమ్మల చేత దంపుళ్ల పాటలు పాడించి వీడియో తీసేది. రాత్రికి తెచ్చి నాలో దాచేది. రోకటి పోటుతో పాటు వాళ్ల ఆయాసం కూడా నాకు తెలుసు. అలా నిండి నిండి ఒకరోజు సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. అంచుదాకా నిండితే నాకు ఊపిరాడదు. పాత రాత చెరిపితే తప్ప అదే చోట కొత్తది రాయలేను. ఆ సర్దుబాటుకు కాస్త ఖాళీ ఉండాలి.

"అన్నయ్యా, రెండు పాటలు తీసేస్తాను. తప్పేట్టు లేదు" అంది, కంప్యూటర్లు బాగుచేసే పెదనాన్నగారి అబ్బాయితో.

"ఆగమ్మా. ఆ మామ్మగారు మళ్లీ పాడతారో లేదో! ముందు కనపడకుండా ఉన్నవేమిటో చూద్దాం."

దాచిన సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా పెట్టాడు. హైబర్‌ఫిల్ డాట్ సిస్ బయటపడింది. 8 జీబీ ర్యామ్‌లో సుమారు 40 శాతం, అంటే 3 జీబీ పైచిలుకు. యంత్రం హైబర్నేట్ అయ్యేటప్పుడు తెరిచి ఉన్న పనంతా రాసిపెట్టుకునే చోటది. ఈమె రోజూ షట్‌డౌన్ చేసే మనిషి. అతను కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో హైబర్నేషన్ ఆపేశాడు. ఆ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. "ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. పొద్దున్నే లేవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే" అని చెప్పాడు.

తరవాత సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచాడు. రిజర్వ్‌డ్ స్టోరేజ్, దాదాపు 7 జీబీ. 2019 మేలో వచ్చిన విండోస్ 10, 1903 వెర్షన్‌తో మొదలైన ఏర్పాటిది. అంతకుముందు జాగా చాలక అప్‌డేట్లు మధ్యలో ఆగిపోయేవి. అందుకే వాటి కోసం, తాత్కాలిక ఫైళ్ల కోసం కొంత చోటు ముందే పక్కన పెట్టారు.

"దీన్నీ తీసెయ్యి అన్నయ్యా" అంది ఆమె.

నాలో ఉన్న ఒక మామ్మ గొంతు అప్పుడు గుర్తొచ్చింది. పాట మధ్యలో రోకలి ఆపి, వేపాకు కలిపి కట్టిన మూటను చూపిస్తూ అంటుంది: "ఇవి విత్తనాలమ్మా. ఎంత కరువొచ్చినా వీటిని దంచుకోకూడదు."

ఆమెకూ అదే గుర్తొచ్చినట్టుంది. "వద్దులే. కొన్నాళ్లు వాడుకుని మళ్లీ పెట్టెయ్యొచ్చా?" అని అడిగింది.

పెట్టెయ్యొచ్చు. 2020లో వచ్చిన 2004 వెర్షన్ నుంచి డిజమ్ ఆదేశంతో ఆ రిజర్వ్‌ను ఆపే వీలుంది, తిరిగి పెట్టే వీలూ ఉంది. అప్‌డేట్ జరుగుతుండగా మాత్రం ఒప్పుకోదు. అలా ఆ 7 జీబీని చేబదులు తీసుకున్నారు. వారం తిరక్కుండా ఆమె బయటి హార్డ్‌డిస్క్ కొని పాటలన్నిటికీ నకళ్లు తీసుకుంది. అతను వచ్చి రిజర్వ్‌ను ఎప్పటిలా పెట్టేశాడు. బాకీ తీరింది.

వాళ్లు చూడని గాదె నాలో మరొకటుంది. రాసిన కొద్దీ నా గదులు అరుగుతాయి. అందుకని పుట్టినప్పుడే కొన్ని గదుల్ని లెక్కలోకి రాకుండా విడిగా ఉంచారు. అవి విండోస్‌కూ కనపడవు. ఏ గది పాడైనా, విడిగా ఉన్నవాటిలో ఒకటి దాని స్థానంలోకి వస్తుంది. నిన్న రాత్రి కూడా ఒకటి వచ్చింది. వేపాకు మూట చూపించిన ఆ మామ్మ పాట ఇప్పుడు అందులో ఉంది.