ఒంటికాలి పీట

నాకున్నది ఒకే కాలు. దాని మీద జానెడు చెక్క, ఆ చెక్కని మనిషి నడుముకి బిగించే తోలు పటకా. అంతే నా ఒళ్ళు. కింద పెడితే పడిపోతాను. మనిషి నా మీద కూర్చుని రెండు పాదాలూ నేలకి ఆనిస్తే మా ఇద్దరికీ కలిపి మూడు కాళ్ళవుతాయి. మీ ఇళ్ళలో ముక్కాలి పీట ఉంటుందే, ఆ లెక్కే. కాకపోతే నా మిగతా రెండు కాళ్ళూ ఎప్పుడూ ఎవరో ఒకరివి. అవి ఎవరెవరివో చెబితే నా కథ అయిపోతుంది.

నేను పుట్టింది కాలిఫోర్నియాలో. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల ఒకటుంది, పేరు పాయింట్ రేయిస్. పాలకొట్టం కట్టగా మిగిలిన రెడ్‌వుడ్ ముక్కని ఒక కుర్రవాడు తన ఊరి తీరులో చెక్కుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో ఇటాలియన్ మాట్లాడే తిచీనో లోయల నుంచి వచ్చినవాడు. అక్కడ కొండలెక్కువ, సాగునేల తక్కువ. ఓడ ఖర్చు అప్పు తెచ్చుకుని వచ్చాడు. ఆ అప్పు తీరేదాకా వాడి బరువులో సగం దిగులే.

1849లో బంగారం కోసం జనం విరగబడి శాన్‌ఫ్రాన్సిస్కో ఉన్నట్టుండి పట్నమైపోయింది. అంతమందికీ రొట్టె మీదకి వెన్న కావాలి. మా నేలకి సముద్రపు మంచు పొద్దున్నే కమ్ముకుంటుంది. లోపలి కొండలు ఎండి పసుపుబారినా మా దగ్గర గడ్డి ఇంకొన్నాళ్ళు పచ్చగా ఉంటుంది. ఆ చల్లదనానికి మీగడ త్వరగా పాడవదు. 1857 నాటికే ఇక్కడ పాడి మొదలైంది.

నేలెవరిదంటారా? మొదట కోస్ట్ మీవాక్ అనే ఆదివాసులది. తర్వాత మెక్సికో ప్రభుత్వం దాన్ని దానపత్రాలు రాసి పంచిపెట్టింది. అమెరికా వచ్చాక ఆ పత్రాల మీద తగాదాలు కోర్టుకెక్కాయి. తగాదా తీరేసరికి 50 వేల ఎకరాలకు పైగా వాదించిన వకీళ్ళ చేతుల్లోనే ఉంది. వాళ్ళే షాఫ్టర్ అన్నదమ్ములు. వాళ్ళలో ఒకరి అల్లుడు హోవర్డ్‌కి కూడా వాటా దక్కింది. పంచుకున్నాక ఒక్కో పాడి క్షేత్రానికి, అంటే రాంచ్‌కి, పేరు పెట్టే ఓపిక కూడా లేక ఇంగ్లిష్ అక్షరాలు పెట్టేశారు. 1870లో వెలిగిన దీపస్తంభానికి దగ్గరలో ఉన్నది ఎ రాంచ్, అక్కణ్ణుంచి వరసగా జెడ్ దాకా. నాది ఏ అక్షరమో చెప్పను. అన్ని అక్షరాల్లోనూ కౌలు లెక్క ఒకటే.

నేల వాళ్ళదే, కొట్టం వాళ్ళదే, ఆవులూ వాళ్ళవే. ఆవుకింత అని ఏడాది కౌలు. కౌలుదారువి చేతులు మాత్రం. ఒక్కో మనిషికి ఇరవైకి పైగా ఆవులు, రోజుకి రెండు పూటలు. తెల్లారకముందే కుర్రవాడు లాంతరు పట్టుకుని దొడ్లోకి వచ్చేవాడు. నుదురు ఆవు డొక్కకి ఆనించి, పొదుగు నిమిరి, ఆవు చేపాక పితకడం మొదలుపెట్టేవాడు. ఖాళీ బాల్చీలో మొదటి ధార ఖణేల్‌మంటుంది. పాలు నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది. బాల్చీ నిండగానే లేచి నడిచేవాడు. నేను వెనక తోకలా వేలాడుతూ పక్క ఆవు దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఆ పాలు వెడల్పాటి రేకు పళ్ళాల్లో ఒక పగలూ రాత్రీ నిలవుండేవి. మీగడ తీసి, గుర్రం తిప్పే పీపాలో చిలికితే వెన్న. మీగడ తీసిన పాలు పందులకి. వెన్నా పందులూ ఒకే తెరచాప పడవలో పట్నం వెళ్ళేవి. వెన్న మీద నక్షత్రం, అందులో ఈ చోటి పేరు తెలిపే రెండక్షరాలు. ఆ ముద్రకి ఎంత పేరొచ్చిందంటే దానికి నకిలీలు కూడా పుట్టాయి. పితికినవాడి పేరు మాత్రం ఆ వెన్న మీద ఎప్పుడూ లేదు.

కుర్రవాడి తర్వాత ఒక ఐరిష్ మనిషి కూర్చున్నాడు. ఆ తర్వాత అట్లాంటిక్ నడుమ ఉన్న అజోర్స్ దీవుల పోర్చుగీసువాడు. సైన్యంలోకి పట్టుకుపోతారని భయపడి తిమింగలాల వేట ఓడెక్కి పారిపోయి వచ్చినవాళ్ళు ఆ దీవుల్లో చాలామంది. భాషలు వేరు, తిట్లు వేరు. నా మీద కూర్చునే తీరు మాత్రం ఒకటే. కొత్తవాడు ఎవడైనా పక్కకి ఒరిగితే పాత పనివాడొకడు అరిచేవాడు: "కాళ్ళు ఎడంగా పెట్టరా అబ్బాయ్! పీట నిన్ను మొయ్యదు, నువ్వే పీటని మొయ్యాలి."

1906 ఏప్రిల్ 18, తెల్లవారుజాము 5:12. పాలు పితికే వేళ. నేను ఆవు పక్కనే ఉన్నాను. నేల ఊగింది, ఆవు కూలబడింది, మనిషి ఒక వైపు, నేనొక వైపు. తర్వాత తెలిసింది, ఒలీమా అనే ఊరి దగ్గర ఒక కంచె తెగి, దాని కొసలు రెండూ దాదాపు 16 అడుగులు ఎడమయ్యాయట. అక్కడే ఒక ఆవుని భూమి మింగేసిందని పత్రికల్లో రాశారు. నేను పాడిపీటని, ఆవుల కథలు అంత తేలిగ్గా నమ్మను. కానీ ఆ పూట పితకాల్సిన ఆవుల్ని మాత్రం పితికారు. పొదుగుకి భూకంపం తెలియదు కదా.

1919 తర్వాత వకీళ్ళ వారసులు నేలని అమ్మేశారు. అంచెలంచెలుగా కౌలుదార్లే కొనుక్కున్నారు. అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. పక్క పొలాల్లో బఠానీలు పండించిన జపనీయుల్ని 1942లో ప్రభుత్వం శిబిరాలకు తరలించింది. మా కొట్టంలో సిమెంటు నేల పడింది. వెన్న పోయి పాల ట్యాంకర్లు వచ్చాయి. పితికే యంత్రం వచ్చిన రోజున నన్ను మేకుకి తగిలించారు.

మేకు మీంచి చూసిందే మిగతాది. 1962లో కెనెడీ సంతకంతో ఇదంతా జాతీయ తీరవనం అయింది. కొండల మీద ఇళ్ళూ రోడ్లూ పడకుండా ఆగాయి. నేల మాత్రం ప్రభుత్వానికి అమ్మి, అదే నేలని రైతులు మళ్ళీ కౌలుకి తీసుకున్నారు. తాత కౌలుదారు, కొడుకు ఆసామి, మనవడు మళ్ళీ కౌలుదారు. 1978లో ఎల్క్ జింకల్ని తిరిగి తెచ్చి వదిలారు. గడ్డి జింకలదా ఆవులదా అన్న తగువు పెరిగి పెరిగి కోర్టు దాకా వెళ్ళింది. 2025 జనవరిలో కుదిరిన ఒప్పందంతో 12 రాంచ్‌లు పరిహారం తీసుకుని పదిహేను నెలల్లో ఖాళీ చెయ్యడానికి ఒప్పుకున్నాయి.

ఆ ఒప్పందంలో సంతకాలున్నవాళ్ళలో అప్పటి పాలు పితికేవాళ్ళు లేరు. ఆ పితికేవాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. కొందరు దశాబ్దాలుగా ఈ గాలిలోనే కాపురం ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఒకాయన సామాను సర్దుకుంటూ మొన్న నన్ను మేకు మీంచి దించాడు. ఇదేమిటా అని తిప్పి చూసి, నేల మీద నిలబెట్టాడు. పడిపోయాను. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ పడ్డాను. ఆయనకి నవ్వొచ్చింది. నా మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే కాళ్ళు రెండూ ఎడంగా పెట్టాడు. బరువు చూస్తే మా తిచీనో కుర్రవాడి అంతే ఉన్నాడు.